గురువారం జాబితాలో మొదటి ఇల్లు

రేపల్లె,
12 జనవరి 2025.

అన్నయ్యకు,

వినపడని నీ చెవులకు కాదు, ఇంకా బాగానే కనపడుతున్న నీ కళ్లకు చెల్లెలి వందనాలు. చెవి మిషను పెట్టుకోమంటే "ముసలాళ్ల నగ" అని తీసిపారేశావు. ఫోన్లో నేనొకటంటే నువ్వింకొకటి విని నా మీదే విసుక్కున్నావు. కాబట్టి మళ్లీ కాగితం, కలం. పోస్టాఫీసులో కవర్లు అడిగితే ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, అవి ఎక్కడ పెట్టారో పక్కాయన్ని అడిగింది.

సంగతేంటంటే, నేను తెనాలిలో కంప్యూటరు క్లాసులో చేరాను. టైపు కాదు, అది మండలాఫీసులో ముప్పై ఏళ్లు కొట్టి వేళ్లు అరిగాయి. ఇది ప్రోగ్రాములు రాయడం. భాష పేరు పైథాన్. ప్రతి శనివారం పొద్దున్న పాసింజరెక్కి వెళ్లి, మధ్యాహ్నం బండికి తిరిగొస్తాను. పాఠం చెప్పే గౌతమికి పాతికేళ్లుండవు. మొదటిరోజే "ఆంటీ, మీరు వెనక కూర్చోండి, ఏసీ తగలదు" అంది. మిగతావాళ్లంతా ఇంజినీరింగు పిల్లలు. నేను ఎవరినో దింపడానికి వచ్చాననుకుని, ఎంతసేపటికీ వెళ్లకపోయేసరికి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

ఈ వయసులో ఇదెందుకంటావు. మన సంఘం గురువారం గృహప్రార్థనల జాబితా కోసం. రేపల్లెలో ఉన్నన్నాళ్లు నోటుబుక్కులో నువ్వు రాసేవాడివి, నువ్వు బాపట్ల వెళ్లాక పదిహేనేళ్లుగా నేను రాస్తున్నాను. ఇరవై నాలుగిళ్లు, వారానికో ఇల్లు. మధ్యలో ఒక పెళ్లో చావో వచ్చి ఒక్క వారం తప్పిందంటే కింద తేదీలన్నీ కొట్టేసి మళ్లీ రాయాలి. ఆపైన "మా వారం ఎందుకు జరిపావమ్మా" అని ఇంటింటి నిష్ఠూరం. అదే ప్రోగ్రాము రాసిపెట్టుకుంటే ఒక్క మీట నొక్కుతాను, కొత్త జాబితా వస్తుంది.

ఈ మాట కొత్త సంవత్సరం రోజు సుగుణమ్మ వదిన ఇంట్లో చెప్పడం నా బుద్ధితక్కువ. పెద్దన్నయ్య పోయి ఇన్నేళ్లయినా ఆవిడ నోటికి మాత్రం అలుపు రాలేదు. స్త్రీల సమాజమంతా కేకు తింటుండగా, "ముప్పై ఏళ్లు టైపు కొట్టావు రాణీ, తప్పుల్లేని కాయితం ఒక్కటిచ్చావా? ఇప్పుడా మిషనుకి కూడా తప్పులు నేర్పుతావా ఏంటి?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తుంటి విరిగి రెండేళ్లుగా గుమ్మం దాటలేని మనిషి. పండక్కి పాస్టరు గారొస్తే, వంతు వచ్చిన గురువారం మేమంతా వెళ్తే, అప్పుడే ఆవిడకి నలుగురి మొహాలు కనపడేది. అయినా ఆ పొగరు చూడు!

చూస్తూ ఉండు. తప్పుల్లేని కాయితం ఒక్కటి తీసి ఆవిడ ఒళ్లో పడేస్తాను.

కృపారాణి


బాపట్ల,
21 జనవరి 2025.

కంప్యూటరు పండితురాలు కృపారాణి గారికి,

లెక్కల మాస్టారుగా రిటైరై ఎవరికీ అక్కర్లేకుండా కూర్చున్న అన్న జ్ఞానానందం ఆశీస్సులు.

పైథాన్ అంటే కొండచిలువని మా వీధిలో ఏడో తరగతి పిల్ల చెప్పింది. ఏదెను తోటలో హవ్వ తర్వాత పాముతో మాటలు కలిపిన ఆడమనిషివి నువ్వే. ఆవిడకి కనీసం ఒక పండు దక్కింది.

ఇరవై నాలుగు పేర్లు వరసగా రాయడానికి తెనాలి దాకా రైలెక్కాలా? నేను ఇరవై రెండేళ్లు ఒక పెన్సిలుతో, ఒక రబ్బరుతో రాశాను. ఒక్క ఇల్లు తప్పలేదు. నీ సంగతంటావా, ఎనిమిదో తరగతిలో నీ పేపర్లు ఇంట్లో నేనే దిద్దేవాణ్ణి. భాగహారంలో నీకు శేషం ఎప్పుడూ ఒకటి తేడా వచ్చేది. ఎందుకొచ్చిందే అనడిగితే, "ఒకటేగా అన్నయ్యా" అనేదానివి.

వదిన అన్నదాంట్లో తప్పేముంది? కాస్త తొందరపడి ముందే అంది, అంతే.

అయినా చేరావు కాబట్టి మానకు. మానితే ఇంకా నవ్వుతారు. ఆ భాష ఎలా ఏడుస్తుందో వివరంగా రాస్తూ ఉండు. తప్పులు పట్టే అలవాటు నాకింకా పోలేదు, దిద్దడానికి చేతిలో పేపర్లే లేవు.

జ్ఞానానందం


రేపల్లె,
15 ఫిబ్రవరి 2025.

తప్పులు పట్టే మాస్టారికి,

ఇదిగో పేపరు, దిద్దుకో.

ముందు ఆ మిషను గురించి చెప్పాలి. నీకంటే మొండిది. ఒక కామా మర్చిపోతే ఒక్క అడుగు ముందుకెయ్యదు. పేరు చుట్టూ కొటేషను గుర్తులు పెట్టకపోతే ఆ మనిషెవరో తనకి తెలియదంటుంది. చిన్న అక్షరం ఉండాల్సిన చోట పెద్ద అక్షరం కొట్టానని ముప్పావుగంట ఏడిపించింది. మండలాఫీసులో మా సూపరింటెండెంటు పాండురంగారావు గారే మొండివాడనుకునేదాన్ని, ఆయన కనీసం టీ ఇస్తే కరిగేవాడు.

మొత్తానికి సాధించాను. ఇరవై నాలుగు ఇంటి పేర్లూ వరసగా ఒక జాబితాలో పెట్టాలి. తర్వాత ఒకటో పేరు దగ్గర్నుంచి ఇరవై నాలుగో పేరు దాకా ఒక్కొక్కటే తీసి, పక్కన ఒక గురువారం తేదీ వేసుకుంటూ పొమ్మని చెప్పాలి. దీన్ని లూప్ అంటారు. ఈ జాబితాల పాఠం చెప్పిన రోజు నేను తెనాలి స్టేషను బయట ఇడ్లీ తిని అరగంట ఆలస్యంగా వెళ్లాను, అయినా పక్క పిల్ల పుస్తకం చూసి నేర్చేసుకున్నాను.

ఒక్క చోట కొంచెం పేచీ పెట్టింది. ఇరవై నాలుగు దాకా వెళ్లమంటే, అలాంటి స్థానమే లేదని ఎర్ర అక్షరాలతో అరిచింది. పేర్లు చూస్తే ఇరవై నాలుగూ ఉన్నాయి. విసుగొచ్చి ఇరవై నాలుగు తీసేసి ఇరవై మూడు పెట్టాను. నోరు మూసుకుని చక్కగా జాబితా ఇచ్చింది! గౌతమి అటుగా పోతూ "పనిచేస్తుందిగా, సూపర్ ఆంటీ" అంది.

పోయిన ఆదివారం గుడి బోర్డు మీద అంటించాం. పాస్టరు గారు నన్ను లేచి నిలబడమన్నారు. చప్పట్లు కొట్టారన్నయ్యా, సంఘమంతా. యాభై ఎనిమిదేళ్లలో నా కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. మొన్న గురువారం చిట్టిబాబు ఇంట్లో మొదటి ప్రార్థన కూడా అయిపోయింది.

వదినకి ఇంకా కాయితం చూపించలేదు. చూపిస్తాలే.

కృపారాణి


బాపట్ల,
4 మార్చి 2025.

చప్పట్ల కృపారాణికి,

సంఘం చప్పట్లకు విలువేముంది? పోయినసారి నేనొచ్చినప్పుడు పాస్టరు గారి కొత్త మైకుకి కూడా కొట్టారు, అది మధ్యలోనే ఆగిపోయింది.

అరుస్తున్నదాని నోరు మూయించి, పని అయిందంటావేంటి? నా క్లాసులో పిల్లలు జవాబు పుస్తకం చివర చూసి, దానికి సరిపడేలా లెక్క మధ్యలో అంకెలు మార్చేవాళ్లు. వాళ్లని బెంచీ ఎక్కించేవాణ్ణి. నీ ప్రోగ్రాము మొత్తం చేత్తో రాసి పంపు. అచ్చేసిన జాబితా కూడా ఒకటి పెట్టు. దాని బండారమేంటో నేను చూస్తాను. ఇక్కడ నాకు తెల్లారితే పేపరు చదవడం, పొద్దుగూకితే రైల్వే గేటు దాకా నడవడం తప్ప పనేం లేదు.

మొదటి గురువారం చిట్టిబాబు ఇంట్లోనా? సరే, మీ కొత్త పద్ధతులు మీవి.

వదిన ఎలా ఉంది? నాలుగు పేజీల ఉత్తరంలో మిషనుకి మూడున్నర పేజీలు, వదినకి రెండు ముక్కలు.

జ్ఞానానందం


రేపల్లె,
23 మార్చి 2025.

అన్నయ్యకు,

ప్రోగ్రాము, జాబితా రెండూ ఇందులో ఉన్నాయి. భూతద్దం పెట్టి చూసుకో. మీ మగవాళ్లు ఏ పనీ చెయ్యరు, చేసినవాళ్ల పనికి మాత్రం సున్నాలు చుడతారు. గౌతమి నా జాబితాని క్లాసు గోడకి అంటించింది తెలుసా? పైన "ఆంటీ ప్రాజెక్టు" అని రాసింది. ఇంజినీరింగు పిల్లలు ఇప్పుడు నాకు ముందు బెంచీలో చోటిస్తున్నారు. వాళ్లలో సగం మంది ఇంకా తమ పేరు పదిసార్లు అచ్చు వేయించడం దగ్గరే ఉన్నారు. ఫోను నొక్కడం తప్ప ఏమీ రాని మేధావులు.

వదిన బాగానే ఉంది. ఆవిడకేం? పోయిన వారం పాలమ్మాయితో కబురు పెట్టింది, "ఈసారి వరస ఏమైనా మార్చారా?" అని. నేను మార్చలేదు, అంతా మిషను ఇచ్చిన వరసే అని చెప్పమన్నాను. నిజమేగా.

ఎండలు అప్పుడే ముదిరాయి. తెనాలి ప్రయాణానికి గొడుగు కొనుక్కున్నాను.

కృపారాణి


బాపట్ల,
8 ఏప్రిల్ 2025.

చెల్లికి,

ముందు అచ్చేసిన జాబితా లెక్కపెట్టాను. నాలుగుసార్లు. ఇరవై నాలుగిళ్లకి ఇరవై మూడు గురువారాలే ఉన్నాయి. మూడో తరగతి పిల్లలు పట్టుకునే తప్పు. సంఘంలో ఇంతమంది ఆ బోర్డు ముందు నిలబడి, ఎవరి పేరు వాళ్లు చూసుకుని, ఇంటికిపోయి అన్నాలు తిన్నారన్నమాట. చప్పట్లు కొట్టడానికి మాత్రం చేతులున్నాయి.

తర్వాత వరండాలో పెన్సిలు పట్టుకుని నేనే మిషనునై కూర్చున్నాను. నువ్వు రాసిన వరసలో మొదటి పేరు సుగుణమ్మ వదినది. రెండోది చిట్టిబాబుది. ఇరవై నాలుగు పేర్లు కళ్లముందు ఉండగా ఇరవై నాలుగో స్థానం లేదని అది అరిచింది. సరే, అది అబద్ధమాడదనుకుందాం. అలాగైతే ఆఖరి పేరు దాని లెక్కలో ఇరవై మూడోది కావాలి. మరి మొదటి పేరు ఎన్నోది? ఒకటి కాదు, సున్నా. నీ మిషను సున్నా దగ్గర లెక్క మొదలుపెడుతుంది. తెనాలి వెళ్లకుండా, ఇడ్లీ తినకుండా కనిపెట్టాను. నువ్వేమో ఒకటి దగ్గర మొదలుపెట్టమన్నావు, అది చెప్పినట్టే చేసి, సున్నా దగ్గర కూర్చున్న మనిషిని దాటుకుని పోయింది.

ఇంతవరకూ ఉత్త తెలివితక్కువ. శేషం ఒకటి తేడా. నవ్వి ఊరుకునేవాణ్ణి.

కానీ రాణీ, మొట్టమొదటి గురువారం ప్రార్థన పెద్దన్నయ్య కృపారావు పెట్టించింది ఆ ఇంట్లోనే. అప్పట్నుంచీ ప్రతి చుట్టూ అక్కడే మొదలవుతుంది. నేను రాసినన్నాళ్లూ, నువ్వు రాసినన్నాళ్లూ. మిషనుకి ఆ సంగతి తెలియదు. ఫిబ్రవరి పదమూడున బైబులు చంకలో పెట్టుకుని చిట్టిబాబు ఇంటికి నడిచింది మాత్రం మిషను కాదు, నువ్వు. నీ ఉత్తరంలో అది చదివి కూడా నేను "మీ పద్ధతులు మీవి" అని ఊరుకున్నాను. నా బుర్రకి కూడా బెంచీ ఎక్కించాల్సిందే.

ఈ చుట్టు జూలై దాకా ఉంది. గుమ్మం దాటలేని మనిషి ఇంటికి మళ్లీ వంతు ఎప్పుడు? నీ ప్రోగ్రాము ప్రకారం ఎప్పటికీ రాదు.

జ్ఞానానందం


రేపల్లె,
14 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు,

ఉత్తరం అందింది. గుళ్లో మట్టల ఆదివారం పండగ పనులతో ఒంట్లో నలతగా ఉంది. కొత్త భాష నేర్చుకునేటప్పుడు పొరపాట్లు అందరికీ వస్తాయి. వచ్చే చుట్టులో సరిచేస్తాను. ఇంతదానికి కోర్టులో వాదించినట్టు రాయక్కర్లేదు.

కృపారాణి


బాపట్ల,
18 ఏప్రిల్ 2025.

రాణీ,

నీకు ఎప్పుడు తెలిసింది? ఆ ఒక్కటి రాయి.

జ్ఞానానందం


రేపల్లె,
3 మే 2025.

అన్నయ్యా,

మొదటి గురువారమే తెలిసింది.

చిట్టిబాబు ఇంటికి కాలవగట్టు మీంచి వెళ్లాలి. వదిన ఇంటి ముందు నుంచే దారి. గుమ్మం కడిగి ఉంది. లోపల చాపలు పరిచి ఉన్నాయి, అన్నీ. జాబితా ఇవ్వకపోయినా చుట్టు తన ఇంట్లోనే మొదలవుతుందని ఆవిడకి తెలుసుగా. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి నన్ను చూసింది. చంకలో బైబులు చూసింది. నేను తల దించుకుని నడిచి వెళ్లిపోయాను. నాలుగడుగులు వేశాక, అబద్ధమెందుకు, హాయిగా ఉంది. ఇప్పుడు నవ్వు వదినా, అనుకున్నాను.

శనివారం గౌతమిని అడిగాను. "లిస్టు సున్నా నుంచి మొదలవుద్దండి ఆంటీ, ఆ రోజే చెప్పాను కదా" అంది. ఒక్క అంకె మార్చాలి, అంతే. మార్చలేదు. సంఘమంతా చప్పట్లు కొట్టిన కాయితంలో తప్పుందని, అదీ ఆవిడ అన్నట్టే ఉందని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఒక్కొక్క గురువారం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మిషను ఎర్ర అక్షరాలతో అరిస్తే నోరు మూయించానని రాశావే, నా లోపల అరిచినదాని నోరు కూడా అలాగే మూయించాను. పాలమ్మాయితో ఆ కబురు పంపిన రోజు నాకు అన్నం సయించలేదు. అది నీకు రాయలేదు.

పోయిన శనివారం క్లాసు మానేసి వదిన దగ్గరికి వెళ్లాను. ఆవిడ కూర్చోమనలేదు. నిలబడే మొదలుపెట్టాను.

"వదినా, ఆ మిషను సున్నా నుంచి లెక్కపెడుద్దండి. నాకు తెలీక ఒకటి నుంచి పెట్టాను. అందుకని మీ ఇల్లు..."

"మిషనుకి తెలీదు సరే," అంది. "నీకు తెలుసుగా?"

ఔనన్నాను.

"పదకొండు గురువారాలు. మూడు వారాలు చాపలు పరిచి ఉంచాను. వరస మారిందేమోలే, ఆలస్యంగా వస్తారేమోలే అని. తర్వాత ఇంక వంగలేక చుట్టి పెట్టేశాను. ఎవరన్నా నా మీద ఏమన్నా అన్నారా, సంఘంలోంచి తీసేశారా అని పాలమ్మాయిని అడగాల్సొచ్చింది, పాలమ్మాయిని! నామీద కోపముంటే గుమ్మంలో నిలబడి తిట్టు. మిషను చాటున దాక్కుంటావా? ముప్పై ఏళ్లు ఆఫీసులో నేర్చుకుంది ఇదా?"

నేను ఏడుస్తుంటే, "ఆ ఏడుపేదో ఆదివారం గుళ్లో ఏడు, అక్కడైతే వినేవాళ్లుంటారు" అంది.

ఆదివారం ప్రకటనలప్పుడు లేచి నిలబడ్డాను. ఈసారి ఎవరూ లేవమనలేదు. జాబితాలో ఒక ఇల్లు తప్పిపోయిందని, తప్పిందని తెలిసీ పదకొండు వారాలు దాచానని, మిషనుది కాదు నాదే తప్పని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. చిట్టిబాబు భార్య నన్ను పైనుంచి కిందిదాకా చూసి కొంగు సర్దుకుంది. చూడనీ. ఆవిడ కూడా ఆ బోర్డు ముందు నిలబడి తన పేరొక్కటే వెతుక్కుంది. బయట చెప్పుల దగ్గర "పెద్ద చదువు వెలగబెట్టింది" అని ఎవరో అన్నారు, వినపడింది. నీ చెవుల మీద ఆ క్షణం అసూయ కలిగింది.

ప్రోగ్రాములో ఆ ఒకటి తీసి సున్నా పెట్టాను. కొత్త జాబితా బోర్డు మీద అంటించాను. నిన్నగాక మొన్న, ఒకటో తారీఖు గురువారం, వదిన ఇంట్లో ప్రార్థన.

మధ్యాహ్నమే వెళ్లి గుమ్మం నేనే కడిగాను, చాపలు నేనే పరిచాను. వదిన కుర్చీలోంచి వంకలు పెడుతూనే ఉంది. ఆ చాప అక్కడ కాదు, ఇక్కడ. ఆ చీపురు అలా పట్టుకుంటారా. "ఆ చెవిటి మాస్టారే కనిపెట్టాడా ఇది? ఆయన్ని కూడా ఓసారి రమ్మను. పెన్సిలు తెచ్చుకోమను, నా మందుల చీటీలు లెక్కచూడాలి" అంది. తెనాలిలో బండి మారితే చాలు, మళ్లీ చెవులు వినపడవని వంక పెట్టకు.

జనం వచ్చారు. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు, నన్ను చూడ్డానికో ఆవిణ్ణి చూడ్డానికో తెలియదు. రెండు గదులూ నిండి, కొందరు వసారాలో కూర్చున్నారు. పెద్దన్నయ్యకి ఇష్టమైన కీర్తన పాడారు. వదిన కళ్లు మూసుకోలేదు, పాడినంతసేపూ ఒక్కొక్కరి మొహమూ చూస్తూనే ఉంది.

ప్రార్థన అయ్యాక, "టీ పెట్టాలి, ఎంతమందో లెక్కపెట్టు" అంది నాతో. అందరి ముందూ, గట్టిగా. ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టాను. వసారాలోకి వెళ్లి లెక్కపెట్టాను. మళ్లీ మొదట్నుంచి వచ్చాను. మొదట కూర్చున్న మనిషిని వదిలేశానేమోనని రెండుసార్లు చూసుకున్నాను. వదినని కూడా కలిపాను.

"ఇరవై ఆరండి," అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"చూశానండి. మూడుసార్లు."

ఇరవై ఆరు గ్లాసులు పళ్లేల్లో సర్ది, టీ పోసి, అందరికీ పంచాను. ఆఖరిది వదినకిచ్చాను. ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నా మొహంలోకి, నా చేతుల్లోకి చూసింది.

"ముప్పై ఏళ్లు టైపు కొట్టావు, కంప్యూటరు చదివావు. ఇప్పటికీ ఒకటి తేడాయే," అంది. "ఇరవై ఏడు. నిన్ను లెక్కపెట్టుకోలేదు. వెళ్లి ఇంకో గ్లాసు తెచ్చుకుని ఇక్కడ కూర్చో."

నీ చెల్లెలు
కృపారాణి